నొప్పికిచ్చిన మాత్ర పేగునెందుకు పట్టేస్తుంది?

నోటి క్యాన్సర్‌తో దవడ నొప్పి భరించలేకపోతున్న మనిషికి డాక్టరు మార్ఫిన్ మాత్రలు మొదలుపెట్టారనుకుందాం. మొదటి రెండు మూడు రోజులు ఆయన మగతగా పడుకునే ఉంటాడు. అన్నం వాసన తగిలితే చాలు, కడుపులో తిప్పుతుంది. ఇంట్లోవాళ్లు హడలిపోతారు. నాలుగో రోజుకల్లా మగత వదిలి లేచి కూర్చుంటాడు, మనవడితో కబుర్లాడతాడు. వారం తిరిగేసరికి వికారం కూడా సర్దుకుంటుంది. మలబద్ధకం మాత్రం సర్దుకోదు. నెల గడిచినా, ఆరు నెలలు గడిచినా, మాత్ర వేసుకున్నంత కాలం వెన్నంటే ఉంటుంది.

మందు అదే, మోతాదు అదే, మనిషీ ఆయనే. మరి ఒక ఇబ్బంది మూడు రోజుల్లో పోయి, ఇంకోటి వారానికి పోయి, మూడోది అసలు కదలకపోవడమేమిటి? అన్నిటికన్నా ముందు, దవడ నొప్పికి వేసుకున్న మాత్రకు పేగుతో పనేమిటి?

మార్ఫిన్ అనగానే మనవాళ్లకు రెండే భయాలు. అలవాటైపోతుందేమో, నిద్రలోనే ఊపిరి ఆగిపోతుందేమో అని. ‘మార్ఫిన్ దాకా వచ్చిందంటే ఇక రోజులు దగ్గరపడ్డట్టే’ అనే మాట ఆసుపత్రి వరండాల్లో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. రోగి రోజూ పడే అవస్థ మాత్రం చాలాసార్లు పేగుది. దాన్ని అడిగేవాళ్లు తక్కువ, సిగ్గుపడి చెప్పనివాళ్లు ఎక్కువ. నాలుగు రోజులు విరేచనం కాక పొట్ట ఉబ్బిపోతే, ‘ఈ మందు నాకు పడలేదు’ అంటూ మాత్రలు పక్కన పెట్టేస్తారు. నొప్పి మళ్లీ మొదటికొస్తుంది. ఒక సాధారణ విరేచనకారి తోడుగా ఇచ్చి ఉంటే తప్పిపోయే బాధ ఇది. నన్ను కలవరపెట్టేది ఇదే.

ఒకే తాళంచెవి, చాలా గదులు

19వ శతాబ్దం తొలి ఏళ్లలో ఫ్రీడ్రిష్ సెర్ట్యూర్నర్ అనే జర్మన్ మందుల తయారీదారు నల్లమందులోంచి ఒక తెల్లని పదార్థాన్ని వేరుచేశాడు. గ్రీకు పురాణాల్లో కలల దేవుడైన మార్ఫియస్ పేరు దానికి పెట్టాడు. తన మీదా, మరో ముగ్గురు యువకుల మీదా పరీక్షించాడు. కొద్ది వ్యవధిలో మూడుసార్లు మింగారు. ముఖాలు ఎర్రబడ్డాయి, వికారం పుట్టింది, మత్తు కమ్మేసింది. విషమెక్కుతోందని భయపడి, కక్కుకోవడానికి ఘాటైన వెనిగర్ తాగించాడు. మార్ఫిన్ తీసుకున్నవాళ్ల అనుభవాల్లో రాతలోకెక్కిన మొదటిది అదే. అందులో దుష్ఫలితాల జాబితా సగం అప్పుడే ఉంది.

అవి ఎందుకొస్తాయో తెలియడానికి 1973 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది అమెరికాలో కాండేస్ పెర్ట్, సాలమన్ స్నైడర్ మెదడు కణజాలంలో మార్ఫిన్ జాతి మందులు అతుక్కునే గ్రాహకాలున్నాయని చూపించారు. గ్రాహకమంటే కణం పైపొరలో ఉండే ఒక ప్రొటీన్. దాన్ని తాళం అనుకుంటే మార్ఫిన్ దానికి సరిపోయే తాళంచెవి. ఆ తొలి పరిశోధనా పత్రంలోనే ఇంకో సంగతి కూడా ఉంది. ఎలుక మెదడులో కనిపించిన ఆ తాళమే గినీపిగ్ పేగులోనూ కనిపించింది.

గసగసాల మొక్క రసమైన నల్లమందుకు సరిపోయే తాళం మన ఒంట్లో ఎందుకున్నట్టు? రెండేళ్లకే, 1975లో, స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్లిట్జ్ దీనికి జవాబు కనిపెట్టారు. పంది మెదళ్లలోంచి వాళ్లు వేరుచేసిన ఎన్‌కెఫలిన్లు శరీరం సొంతంగా తయారుచేసుకునే నొప్పి మందులు. వాటికోసం పెట్టుకున్న తాళాల్లోకే మార్ఫిన్ కూడా దూరుతోంది.

శరీరం తన సొంత మందును కావాల్సిన చోట, కావాల్సినంత, క్షణాల పాటు విడుదల చేస్తుంది. మనం మింగిన మాత్ర రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. ఆ తాళం వెన్నుపాములో ఉంటే అక్కడా, మెదడు కాండంలో ఉంటే అక్కడా, పేగు గోడలో ఉంటే అక్కడా తెరుచుకుంటుంది. నొప్పి ఉన్న గది ఒక్కటే తెరవమని మార్ఫిన్‌కు చెప్పలేం. మందు ఫలితమూ దుష్ఫలితమూ పుట్టేది ఈ ఒక్క కారణం నుంచే.

నొప్పి దారిలో

దవడలోని పుండు నుంచి బయల్దేరిన నొప్పి సంకేతం నరాల వెంట మెదడుకు చేరాలంటే, మధ్యలో ఒక నాడీకణం నుంచి మరో కణానికి చేతులు మారాలి. ముఖం నుంచి వచ్చే నొప్పికి ఆ మజిలీ మెదడు కాండంలో, మిగతా ఒంటి నొప్పులకు వెన్నుపాములో. సంకేతం పంపే కణంలోకి క్యాల్షియం చొరబడితేనే అది తన రసాయనాల్ని విడుదల చేయగలదు. మార్ఫిన్ ఆ క్యాల్షియం దారిని చాలావరకు మూసేస్తుంది. అందుకునే కణంలోంచి పొటాషియంను బయటికి పంపి దాన్ని సులువుగా ఉద్రేకపడనివ్వదు. ఇటు చెప్పే గొంతు తగ్గింది, అటు వినే చెవి మందగించింది. మెదడు నుంచి వెన్నుపాముకు దిగే కొన్ని నరాల దారుల్ని కూడా మార్ఫిన్ మేల్కొలుపుతుంది. అవి పైనుంచి నొప్పిని అణుస్తాయి.

ఇంకో పని కూడా చేస్తుంది. నొప్పికి ‘బాధ’ అనే రంగు పులిమే మెదడు భాగాల్లోనూ ఈ గ్రాహకాలు ఎక్కువే. ‘నొప్పి ఎక్కడుందో తెలుస్తోంది గానీ, ఇంతకుముందులా ప్రాణం తోడేయట్లేదు’ అని రోగులు చెబుతుంటారు. వాళ్లు చెబుతున్నది అక్షరాలా జరుగుతున్న సంగతి.

నరం నలిగిపోయి కరెంటు షాకులా కొట్టే నొప్పికి మార్ఫిన్ ఒక్కటే సరిపోకపోవచ్చు. గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి తోడు కావాలి. ఎముకకు పాకిన క్యాన్సర్ నొప్పికి రేడియేషన్ బాగా పనిచేస్తుంది. మోతాదు పెంచుతూనే ఉన్నా నొప్పి కదలకపోతే, అది ఏ రకం నొప్పో మళ్లీ చూడమని డాక్టరును అడగాలి.

పేగులో జరిగేది

పేగు గోడలో మెదడుతో పని లేకుండా తనంతట తాను నడిచే నాడీ వల ఒకటుంది. తిన్నదాన్ని అలల్లా ముందుకు తోసేది అదే. మార్ఫిన్ ఆ వలలోని కణాల్ని కూడా శాంతపరుస్తుంది. పేగు కండరం ఊరుకోదు, ఉన్నచోటే బిగుసుకుంటుంది, ముందుకు తోసే అల మాత్రం రాదు. పేగులోకి ఊరే నీళ్లు తగ్గుతాయి. మలం ఎక్కువసేపు నిలిచిపోవడంతో ఉన్న తడిని కూడా పేగు పీల్చేసుకుంటుంది. చివర మలద్వారం కండరం కూడా బిగుస్తుంది. ఇన్ని వైపులనుంచి ఒకేసారి జరిగితే మలం రాయిలా కాక ఇంకేమవుతుంది!

విరేచనాలకు మందుల షాపులో కొనే లోపరమైడ్ కూడా మార్ఫిన్ జాతిదే. ఈ జాతి మందుల్నే ఓపియాయిడ్లు అంటారు. లోపరమైడ్ రక్తం నుంచి మెదడులోకి అడుగుపెట్టబోతుంటే దాన్ని వెనక్కి తోసేసే ప్రొటీన్ మనకుంది కాబట్టి, మామూలు మోతాదులో పేగు మీదే పనిచేసి ఊరుకుంటుంది. పాతకాలంలో విరేచనాలు కట్టడానికి నల్లమందు ఇచ్చినా, ఇవాళ లోపరమైడ్ ఇచ్చినా జరిగేది ఒకటే పని.

మరి పేగుకు ఎందుకు అలవాటు కాదు? తాళంచెవి పదేపదే తిరిగితే మెదడు, వెన్నుపాముల్లోని కణాలు స్పందన తగ్గించుకుంటాయి, కొన్ని గ్రాహకాల్ని కణం లోపలికి లాగేసుకుంటాయి. ఈ సర్దుబాటు ఒక్కోచోట ఒక్కో వేగంతో జరుగుతుంది. మగత తెచ్చే కణాలు రోజుల్లో సర్దుకుంటాయి, వికారానివి వారంలో. పెద్దపేగు నాడీకణాలు దాదాపుగా సర్దుకోవు. కంటిపాప కూడా అంతే. మార్ఫిన్ వాడుతున్నవాళ్ల కంటిపాపలు నెలల తరబడి సూదిమొనంతే ఉండిపోతాయి. దానివల్ల పెద్ద ఇబ్బంది లేదు కాబట్టి ఎవరికీ పట్టదు.

అందుకే రోగి బాధ తగ్గించడమే పనిగా పెట్టుకున్న పాలియేటివ్ కేర్ డాక్టర్లు మార్ఫిన్ చీటీ మీదే విరేచనకారి కూడా రాస్తారు. మలబద్ధకం వచ్చాక చూద్దామని ఆగరు. పేగును కదిలించే బిసాకోడిల్ గానీ సునాముఖి మందు గానీ రాస్తారు. తడిని పట్టి ఉంచే లాక్టులోజ్ లాంటిది దానికి తోడవుతుంది. ఇంట్లో తెలిసిన చిట్కా అని ఇసబ్గోల్ పెడుతుంటారు, అది ఇక్కడ తగదు. ఇసబ్గోల్ నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, ఆ ఉబ్బును పేగు ముందుకు తోస్తేనే దానివల్ల ఉపయోగం. ఇక్కడ తోసే అలే లేదు. పైగా రోగి తాగే నీళ్లు అంతంతమాత్రం. అది కూడా అడ్డంపడి కూర్చుంటుంది.

ఇంటికెళ్లి చూసే నర్సులకు ఒక మాట బాగా పరిచయం. “వారం నుంచి మావయ్యకు అసలు కాలేదు సిస్టర్. ఇవాళ పొద్దుట్నుంచి నీళ్లలా పోతున్నాయి, ఆపడానికి మాత్ర వేశాం” అంటుంది కోడలు. అనుభవమున్న నర్సు పొట్ట నొక్కి చూస్తుంది, గ్లవ్స్ తొడుక్కుని వేలితో పరీక్షిస్తుంది. కింద గట్టి మలం గడ్డకట్టి దారి మూసేసి ఉంటుంది. పైనున్న పల్చటి మలం దాని పక్కల నుంచి జారిపోతోంది. ఇంట్లోవాళ్లకు విరేచనాల్లా కనబడింది నిజానికి ముదిరిపోయిన మలబద్ధకం. దానికి విరేచనాలు ఆపే మాత్ర, అంటే ఇంకో ఓపియాయిడ్, వేశారు. ఆ పెద్దాయనకు కావాల్సింది ఎనిమా. చాలారోజులు మలబద్ధకం ఉండి ఉన్నట్టుండి నీళ్లలా పోతే, ఏ మాత్రా వేయకముందే డాక్టరుకు ఫోన్ చేయాలి.

కొద్దిరోజుల చుట్టాలు

మొదట వికారం సంగతి. మెదడు కాండంలో ఒకచోట రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అడ్డుగోడ పలచగా ఉంటుంది. రక్తంలో విషం కనబడితే కక్కించేయడం ఆ చోటు పని. మార్ఫిన్‌ను అది మొదట విషంగానే లెక్కేస్తుంది. జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అవడం దానికి తోడవుతుంది. మొదటి వారం మెటోక్లోప్రమైడ్ లాంటి మందు ఇస్తే చాలామంది గట్టెక్కుతారు. ఒకేసారి పళ్లెం నిండా పెట్టకుండా కొద్దికొద్దిగా పెట్టడం కూడా మేలు చేస్తుంది.

మొదటి రోజుల మగతలో కొంత మందుది, కొంత ఎన్నాళ్లుగానో బాకీపడ్డ నిద్రది. నొప్పితో వారాల తరబడి కన్నుమూయని మనిషి నొప్పి తగ్గిన రాత్రి ఒళ్లు తెలియకుండా పడుకుంటాడు. పిలిస్తే లేచి తడుముకోకుండా మాట్లాడుతుంటే కంగారు అక్కర్లేదు. నోరు ఎండిపోవడం, చెమటలు, మూత్రం సరిగా రాకపోవడం కొందరికి ఉంటాయి. సిజేరియన్‌కు వెన్నులో ఇచ్చే ఇంజెక్షన్‌లో కాస్త మార్ఫిన్ కలిపితే, ముక్కూ ముఖమూ తెగ దురద పెడుతున్నాయని బాలింతలు చెబుతారు. చూడ్డానికి ఎలర్జీలా ఉంటుంది గానీ, ఎక్కువసార్లు అది వెన్నుపాములో దురద దారుల మీద మార్ఫిన్ చేసే పని. అందుకే ఎలర్జీ మందులతో పెద్దగా తగ్గదు.

ఊపిరి సంగతి

ఈ భయానికి ఆధారం ఉంది. దాన్ని కొట్టిపారేయకూడదు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఊపిరి తీసుకోమని ఆజ్ఞాపించే కణాలు మెదడు కాండంలో ఉన్నాయి. మార్ఫిన్ వాటిని మందగింపజేస్తుంది. మోతాదు మితిమీరితే శ్వాస నెమ్మదించి ఆగిపోవచ్చు.

నోటి మాత్రతో, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, నొప్పిని చూస్తూ మెల్లగా పెంచితే మాత్రం ఆ ప్రమాదం చాలా తక్కువ. నొప్పే ఊపిరి కేంద్రాన్ని తట్టి లేపుతూ ఉంటుంది. పైగా ఊపిరి మందగించే ముందు మగత ముదురుతుంది. పిలిస్తే పలకకపోవడం, గుక్కకూ గుక్కకూ మధ్య ఎడం పెరగడం ముందుగా వచ్చే గుర్తులు. మద్యం గానీ, ఆల్‌ప్రజొలామ్ లాంటి నిద్రమాత్రలు గానీ తోడైతే లెక్క మారిపోతుంది. ప్రాణాలు పోయే కథల్లో తరచూ కనిపించేది ఈ కలయికే. ఆసుపత్రిలో నలొక్సోన్ అనే విరుగుడు ఉంటుంది. అదే తాళంలో దూరి, తిరగకుండా, మార్ఫిన్‌ను బయటికి నెట్టేస్తుంది. నిమిషాల్లో మనిషి లేస్తాడు. దాని ప్రభావం మార్ఫిన్‌కన్నా ముందే దిగిపోతుంది కాబట్టి ఆ తర్వాత కూడా గంటల తరబడి కనిపెట్టి ఉండాలి.

| అలవాటుపడటం, ఆధారపడటం, వ్యసనం |
|---|
| ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేయడం వల్లే చాలామంది రోగులు నొప్పితో మిగిలిపోతున్నారు. అలవాటుపడటమంటే అదే మోతాదుకు కణాలు తక్కువ స్పందించడం. క్యాన్సర్ రోగుల్లో మోతాదు పెంచాల్సి వస్తే, ఎక్కువసార్లు దానికి కారణం జబ్బు పెరగడమే. ఆధారపడటమంటే మందుకు తగ్గట్టు ఒళ్లు సర్దుకుపోవడం. హఠాత్తుగా ఆపితే ఆవులింతలు, ముక్కు కారడం, చెమటలు, విరేచనాలు మొదలవుతాయి. కొన్నివారాలు వాడినవాళ్లందరికీ ఇది రావచ్చు, మెల్లగా తగ్గిస్తూ ఆపితే రాదు. రేడియేషన్‌తో నొప్పి తగ్గి మార్ఫిన్ మానేసినవాళ్లు ఉన్నారు. వ్యసనం వేరు. నొప్పి లేకపోయినా మందుకోసం వెంపర్లాడటం, హాని జరుగుతోందని తెలిసినా ఆపలేకపోవడం అందులో ఉంటాయి. పర్యవేక్షణలో మార్ఫిన్ తీసుకునే క్యాన్సర్ రోగుల్లో ఇది తక్కువే, అయినా అసలు లేదనలేం. అందుకే డాక్టర్లు పాత అలవాట్ల గురించి అడుగుతారు. |

నిన్నటిదాకా సరిపోయిన మోతాదు

మార్ఫిన్‌ను కాలేయం మార్చేస్తుంది, మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. మారిన రూపాల్లో ఒకటి మార్ఫిన్‌లాగే బలంగా పనిచేస్తుంది. మూత్రపిండాలు దెబ్బతింటే అది రక్తంలో పేరుకుపోతుంది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముదిరితే మూత్రనాళాలను నొక్కేస్తుంది. మూడు నెలలుగా అదే మోతాదుతో కుదురుగా ఉన్న తల్లి ఒక వారంలో మగతగా అయిపోతుంది. చేతులు ఉన్నట్టుండి ఎగిరిపడతాయి. గోడమీద ఎవరో ఉన్నారని చూపిస్తుంది. జబ్బు మెదడుకెక్కిందని పిల్లలు ఏడుస్తారు. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేస్తే అసలు సంగతి బయటపడొచ్చు. మోతాదు తగ్గిస్తే, లేదా మూత్రపిండాలతో అంత పని లేని ఫెంటనిల్‌కు మారిస్తే, ఆ తల్లి మళ్లీ పిల్లల్ని పేరుపెట్టి పిలవొచ్చు. వాంతులతో, ఎండదెబ్బతో ఒంట్లో నీరు తగ్గినా ఇదే జరుగుతుంది.

| గడియారం చూసి వేసుకునే మందు |
|---|
| మామూలు మార్ఫిన్ మాత్ర సుమారు నాలుగు గంటలు పనిచేస్తుంది. ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10 గంటలకు వేసుకోమంటారు. అర్ధరాత్రి లేపకుండా ఉండటానికి రాత్రి 10 గంటల మోతాదు రెట్టింపు ఇవ్వడం మామూలు. నొప్పి వచ్చాక వేసుకుందామని ఆగితే వెనకబడిపోతాం. నోరు తెరుచుకోక ముక్కు గొట్టం ద్వారా ఆహారం తీసుకునేవాళ్లకు మామూలు మాత్రను నూరి నీళ్లలో కలిపి వేయొచ్చు. 12 గంటలు పనిచేసే మాత్రను మాత్రం నూరకూడదు, కొరకకూడదు. సగం రోజుకు సరిపడా మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగిపోతుంది. |

నడుము నొప్పికి ఇదే మందా?

కాదు. ఈ సంగతి కూడా అంతే గట్టిగా చెప్పాలి. అమెరికాలో 1996లో వచ్చిన ఆక్సీకాంటిన్ అనే మాత్రను నడుము నొప్పికీ మోకాళ్ల నొప్పికీ విచ్చలవిడిగా రాశారు. వ్యసనం ప్రమాదం గురించి తప్పుదోవ పట్టించామని దాన్ని తయారుచేసిన కంపెనీయే 2007లో కోర్టులో నేరం ఒప్పుకుంది. నడుము, తుంటి, మోకాలి నొప్పులున్న 240 మంది మాజీ సైనికుల్ని ఏడాదిపాటు గమనించిన అధ్యయనం 2018లో అక్కడే వెలువడింది. ఓపియాయిడ్లు తీసుకున్నవాళ్లు మామూలు మందులవాళ్లకన్నా బాగా తిరగగలిగిందేమీ లేదు. దుష్ఫలితాలు మాత్రం వాళ్లకే ఎక్కువ. మన దగ్గర చీటీల్లో తేలిగ్గా కనబడే ట్రమడాల్ కూడా ఈ జాతిదే. మూర్ఛ వచ్చే ప్రమాదం దానికి అదనం. దాన్ని 2018లో మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారు.

మొక్క మనది, మందు మనకు లేదు

మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో రైతులు ప్రభుత్వ లైసెన్సుతో గసగసాల మొక్కల నుంచి నల్లమందు తీస్తారు. నీమచ్, ఘాజీపూర్ ప్రభుత్వ కర్మాగారాల్లో దాన్ని శుద్ధి చేస్తారు, ప్రపంచానికి ఎగుమతి చేస్తారు. 1985లో మత్తుమందుల చట్టం వచ్చాక, మార్ఫిన్ ఉంచుకోవాలంటే ఆసుపత్రి ఎన్నో లైసెన్సులు తెచ్చుకోవాల్సి వచ్చింది. చాలా ఆసుపత్రులు ఆ ఊసే మానేశాయి. పదేళ్లు దాటేసరికి దేశంలో మార్ఫిన్ వాడకం 90 శాతానికి పైగా పడిపోయింది. ఒక తరం డాక్టర్లు ఆ మాత్రను చేత్తో రాయకుండానే చదువు పూర్తిచేశారు. ఆ ఏళ్లలో అరుస్తూ, అరవడానికి ఓపిక లేక మూలుగుతూ పోయినవాళ్ల లెక్క ఏ రిజిస్టర్‌లోనూ లేదు. దీన్ని నేను మామూలు పాలనా లోపంగా చూడలేను.

1993లో కాలికట్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, సహచరులు మొదలుపెట్టిన సేవ కేరళను దారిలో పెట్టింది. మన హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి పాలియేటివ్ కేర్ విభాగం నోటి మార్ఫిన్ ఇస్తోంది, నేర్పుతోంది. మత్తుమందుల చట్టానికి 2014లో చేసిన సవరణతో, గుర్తింపు పొందిన ఆసుపత్రికి ఒకే అధికారి అనుమతి చాలన్నారు. చట్టం సడలింది, భయం సడలలేదు. జిల్లాల్లో ఇప్పటికీ మాత్రలకోసం గంటల తరబడి బస్సు ప్రయాణం చేసి, నొప్పితో ఉన్న రోగిని ఇంట్లో వదిలి వచ్చే కొడుకులు, కూతుళ్లు ఉన్నారు.

ప్యాచ్ పెట్టుకున్నవాళ్లకు

మింగలేనివాళ్లకు ఇచ్చే ఫెంటనిల్ ప్యాచ్ చూడ్డానికి చిన్న ప్లాస్టరులా ఉంటుంది గానీ, అందులోని మందు మార్ఫిన్‌కన్నా సుమారు 100 రెట్లు బలమైనది. చర్మం కింది కొవ్వులో చేరి మెల్లగా రక్తంలోకి వెళ్తుంది. అంటించాక పూర్తిగా పనిచేయడానికి 12 గంటలకు పైనే పడుతుంది, తీసేశాక కూడా చాలా గంటలు ఒంట్లో ఉంటుంది. ఒక్కో ప్యాచ్ 72 గంటలు ఉంచాలి. దానిమీద వేడినీళ్ల సంచి పెట్టకూడదు, కాపడం పెట్టకూడదు. వేడికి మందు తొందరగా ఒంట్లోకి దిగుతుంది. జ్వరం వచ్చినా జాగ్రత్తగా చూసుకోవాలి.

మూడు రోజులు వాడి తీసేసిన ప్యాచ్‌లో కూడా పసిపిల్లల ప్రాణం తీసేంత మందు మిగిలి ఉంటుంది. జిగురున్న వైపు లోపలికి మడిచి, రెండు అంచులూ అతుక్కునేలా నొక్కి, పిల్లలకు అందకుండా ఉంచాలి. వాడకుండా మిగిలిన ప్యాచ్‌లు, మార్ఫిన్ మాత్రలు మందుల డబ్బాలో పెట్టుకోకూడదు. పక్కింటివాళ్ల నొప్పికి ఇవ్వకూడదు. ఎక్కడ ఇచ్చారో ఆ పాలియేటివ్ కేర్ కేంద్రానికే తీసుకెళ్లి అప్పజెప్పాలి. వాళ్లు లెక్క రాసుకుని తీసుకుంటారు.